బావగారి దారికి అడ్డంగా కట్టిన తాడు

ఈసారి ఉత్తరం రాసిన సోదరి పేరు చెప్పవద్దన్నారు. ఆమె, భర్త కలిసి రెండు షెడ్లలో బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నారు. పెద్ద షెడ్డులో 3,500, చిన్నదాంట్లో 2,500. అర కిలోమీటరు దూరంలో ఆమె బావగారి ఫారం ఉంది. భర్తకు సొంత అన్న. ఇరవై ఏళ్లుగా ఆయనకు ఇదే పని, వీళ్లకు నేర్పిందీ ఆయనే. రోజూ పొద్దున తన కోళ్లను చూసుకుని, బండి మీద వీళ్ల దగ్గరికి వచ్చి, అవే చెప్పులతో షెడ్డులోకి వెళ్లి, ఒక కోడిని ఒడుపుగా పట్టుకుని మేతసంచి తడిమి చూసి, రెండు మాటలు చెప్పి వెళ్లేవారు.

కిందటి బ్యాచ్‌లో పెద్ద షెడ్డు కోళ్లు 24వ రోజున ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చున్నాయి. తెల్లగా నీళ్ల విరేచనాలు. మూడో రోజుకు చావులు బాగా పెరిగాయి, వారంలోపే తగ్గిపోయాయి. అప్పటికి 900 పోయాయి. కోసి చూసిన డాక్టరు తొడ కండల్లో నెత్తుటి చారలు, వాచిన బర్సా (కోడికి రోగాన్ని తట్టుకునే శక్తినిచ్చే అవయవం) చూపించి, గంబోరో అనే వైరస్ రోగం అన్నారు. అంతకు పది రోజుల ముందే బావగారి ఫారంలోనూ ఇలాగే కోళ్లు పోయాయని ఆ తర్వాత తెలిసింది. ఆయన ఒక్క మాట చెప్పలేదు. చెప్పకుండానే రోజూ వీళ్ల షెడ్డులోకి వచ్చి వెళ్లారు. ఆ సంగతి కూడా పనివాడి నోట వినాల్సి వచ్చిందని ఆమె బాధ.

మర్నాడే గేటుకు అడ్డంగా నైలాన్ తాడు కట్టి, "బయటివారు లోపలికి రాకూడదు" అని అట్టముక్క మీద రాసి వేలాడదీశారు. ఆ పూటే బావగారు వచ్చారు, బండి వెనక సున్నం బస్తా కట్టుకుని. తాడు చూశారు. అట్టముక్క చదివారు. బస్తా దింపి గేటు పక్కన పెట్టి, బండి తిప్పుకుని వెళ్లిపోయారు. ఇరవై రోజులైంది, మళ్లీ రాలేదు. అత్తగారు మాట్లాడటం మానేశారు. "చేయి పట్టి నేర్పినవాణ్ణి గేటు బయట నిలబెట్టావే, వాడు బయటివాడా?" అన్నారట. భర్త తాడు విప్పేయమంటున్నారు. మిగిలిన కోళ్లు అమ్ముడుపోయి తొమ్మిది రోజులైంది, ఇంకో వారంలో కొత్త పిల్లలు దిగాలి. "నేను తప్పు చేశానా డాక్టరు గారూ? తాడు ఉంచాలా, విప్పాలా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం ఒకసారి చదివి పక్కన పెట్టి, మళ్లీ తీసి తేదీలు విడిగా రాసుకుంటూ చదివాను. ముందు మీరు అడిగినదానికే జవాబు చెబుతాను. గేటుకు అడ్డు పెట్టడం తప్పు కాదు. మొదటి బ్యాచ్ దిగిన నాడే పెట్టి ఉండాల్సింది. అయితే అది పెట్టిన రోజు చూడండి. కోళ్లు పోయిన తమ్ముడింటికి సాయం చేద్దామని సున్నం బస్తా వేసుకొచ్చిన మనిషికి ఆ అట్టముక్క మీద తన పేరే కనిపించి ఉంటుంది. నియమం సరైనదే, దాన్ని చెప్పిన తీరు గాయం చేసింది. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయి గొడవ నడుస్తోంది. మీ వారు గాయం సంగతి మాట్లాడుతున్నారు, మీరు నియమం సంగతి మాట్లాడుతున్నారు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఎవరూ తగ్గడం లేదు.

ఇక రోగం ఆయనే తెచ్చారన్న మాట. ఉత్తరం మొత్తం దాని మీదే నడిచింది. కానీ మధ్యమధ్యలో, పెద్ద విషయం కాదనుకుని మీరు ఒక్కో వాక్యంలో దాటేసిన సంగతులున్నాయి. నేను వాటి దగ్గరే ఆగిపోయాను.

పెద్ద షెడ్డులో చావులు మొదలవడానికి నాలుగు రోజుల ముందు చిన్న షెడ్డు కోళ్లను సగం అమ్మకానికి ఎత్తారని రాశారు. పట్టేవాళ్లు ఖాళీ క్రేట్లను పెద్ద షెడ్డు వాకిట్లో పేర్చి, అక్కణ్ణుంచి మోశారు. గంబోరో వైరస్ కోడి ఒంట్లోకి వెళ్లాక రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. బావగారి ఫారంలో చావులకూ మీ దగ్గర చావులకూ మధ్య పది రోజులుంది, క్రేట్లు దిగినదానికీ చావులకూ మధ్య నాలుగే రోజులు. ఆ క్రేట్లు ముందు రోజు ఏ ఫారంలో ఉన్నాయో, వాటి అడుగున ఎండిన రెట్ట ఎవరి కోళ్లదో మీకు తెలియదు. కడిగిన క్రేట్లా అని మీరు అడిగినట్టు కూడా ఉత్తరంలో లేదు.

ఇంకొకటి. అంతకు ముందు బ్యాచ్ "నాలుగో వారంలో కాస్త మందకొడిగా ఉండి తేరుకుంది" అన్నారు. ఆ బ్యాచ్ వెళ్లిన ఏడో రోజునే కొత్త పిల్లలు దిగాయి, పిల్లలిచ్చే హేచరీ వాళ్లు తొందర పెట్టారని. తీసిన లిట్టరు, అంటే కోళ్ల కింద పరిచి రెట్ట కలిసిన పొట్టు, షెడ్డు వెనకే కుప్ప పోశారు. అమ్మా, ఈ వైరస్ సంగతి మీకు ఎవరూ వివరంగా చెప్పినట్టు లేదు. 1962లో అమెరికాలోని గంబోరో అనే ఊరి దగ్గర కోళ్లలో దీన్ని మొదట గుర్తించారు, ఆ ఊరి పేరే దీనికి నిలిచిపోయింది. ఆ దశాబ్దంలోనే చేసిన ఒక పరిశోధనలో, రోగం వచ్చిన కోళ్లను తీసేసిన 122 రోజుల తర్వాత కూడా ఆ షెడ్డులో దించిన కోళ్లకు రోగం పట్టింది. రెట్టలో, నీళ్లలో, మేతలో 52 రోజులు బతికింది. కోళ్లను చంపే మరో రోగం రాణికెట్ వైరస్‌కీ, బర్డ్ ఫ్లూ వైరస్‌కీ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు తగిలితే ఆ పొర కరిగి అవి చస్తాయి. గంబోరోకి ఆ పొరే లేదు. అందుకే అది మొండిది. ఏడు రోజుల ఖాళీ దానికి ఒక కునుకు లాంటిది.

చచ్చిన కోళ్లను వెనక కాలవలో పడేస్తే కుక్కలు లాక్కుపోయాయని కూడా రాశారు. ఆ కుక్కలు ఎటు వెళ్లాయో నాకు తెలియదు, మీకూ తెలియదు.

ఇప్పుడు ఒక మాట చెబుతాను, కష్టపెట్టుకోకండి. దారి ఎప్పుడూ రెండు వైపులా నడుస్తుంది. బావగారు తన ఫారం నుంచి మీ షెడ్డుకు వచ్చినట్టే, మీ షెడ్డు నుంచి తన ఫారానికి వెళ్లేవారు కూడా, అవే చెప్పులతో. మీ ముందు బ్యాచ్ మందకొడితనం గంబోరో తాలూకుదే అయితే, రోగం మీ దగ్గరి నుంచి ఆయన దగ్గరికి వెళ్లి ఉండటానికీ అంతే అవకాశం ఉంది. అలాగే జరిగిందని నేను అనడం లేదు. రెండు ఫారాల్లోని వైరస్‌ను ల్యాబ్‌లో పోల్చి చూస్తే తప్ప ఎవరూ తేల్చలేరు, ఇప్పుడు ఆ నమూనాలూ లేవు. నేను అడిగేది ఒక్కటే. రుజువు లేని నేరాన్ని మనసులో ఆయన మీద మోపి ఉంచకండి. క్రేట్లకు ముఖం లేదు, లిట్టరు కుప్పకు ముఖం లేదు, బావగారికి ఉంది. నష్టపోయినప్పుడు మన కోపం ముఖం ఉన్నవాళ్లనే వెతుక్కుంటుంది. గేటుకు తాడు కట్టి బావగారిని ఆపిన మీరు, వచ్చే వారం ఆ క్రేట్ల లారీ వస్తే తాడు విప్పి లోపలికి పంపిస్తారు. నా భయం అదీ.

నా సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పొద్దున రాణికెట్‌తో చస్తున్న కోళ్లను కోసి చూశాను. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను, శుభ్రంగానే ఉన్నాననుకున్నాను. అదే ప్యాంటు, అవే బూట్లు. అక్కణ్ణుంచి ఇంకో ఫారానికి వెళ్లాను, అక్కడ కోళ్లు కుంటుతున్నాయని పిలిస్తే. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఆరో రోజున అక్కడి నుంచి కబురు వచ్చింది, కోళ్లు మెడలు తిప్పుకుని పడిపోతున్నాయని. నేనే తీసుకెళ్లానని రుజువు లేదు. తీసుకెళ్లలేదని కూడా లేదు. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, ఆయనకు ఆ ఊహే రాలేదు. చాలా ఏళ్ల తర్వాత నేనే వెళ్లి చెప్పాను. ఆ రోజు నుంచీ నా బండిలో విడి బూట్లు, విడి కోటు ఉంటాయి, రోగం ఉన్న చోటికి ఆ రోజుకు ఆఖరున వెళ్తాను, మర్నాడు వేరే కోళ్ల దగ్గరికి వెళ్లను. చదువుకున్న డాక్టరుగా నేనే అలా నడిచానంటే, ఇరవై ఏళ్ల అలవాటుతో నడిచిన మీ బావగారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మీవి చిన్న షెడ్లు కాబట్టే ఇలా జరిగిందని కూడా అనుకోకండి. 2014 డిసెంబరు నుంచి 2015 జూన్ వరకు అమెరికాలో బర్డ్ ఫ్లూకు దాదాపు 5 కోట్ల కోళ్లు, టర్కీలు పోయాయి. కంచెలు, గేట్లు, బోర్డులు అన్నీ ఉన్న ఫారాలే. మొదట వలస పక్షుల ద్వారా వచ్చిందన్నారు. తర్వాత ఫారం నుంచి ఫారానికి పాకడంలో పంచుకున్న సామాను, బండ్లు, ఒకచోట పనిచేసి ఇంకోచోటికి వెళ్లే మనుషుల పాత్ర పెద్దదని విచారణలో తేలింది. గేటు మీది బోర్డును వైరస్ చదవదు.

మరి ఏం చేయాలి? బావగారి విషయంలో మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి. దేనికి ఉండే ఖరీదు దానికి ఉంది.

మొదటిది, ఆయన్ను మళ్లీ షెడ్డులోకి రానివ్వడం, గుమ్మం దగ్గర మారి వచ్చేలా. షెడ్డు తలుపు లోపల అడుగు దూరంలో మోకాలెత్తు బల్ల ఒకటి అడ్డంగా పెట్టించండి. బల్లకు ఇవతల బయటి నేల, అవతల కోళ్ల నేల. వచ్చినవాళ్లు ఇవతల కూర్చుని చెప్పులు విడిచి, కాళ్లు బయటి నేలకు తగలకుండా అవతలికి తిప్పి, అక్కడున్న బూట్లు తొడుక్కుని, పైన కోటు వేసుకుని, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇదే వెనక నుంచి ముందుకు. ఆ బూట్లు ఆ షెడ్డు గడప దాటవు. పెద్ద షెడ్డువి ఒక రంగు, చిన్న షెడ్డువి ఇంకో రంగు కొనండి, చీకట్లో కూడా తేడా తెలుస్తుంది. డెన్మార్క్ రైతులు ఈ పద్ధతిని అలవాటు చేసుకున్నారని దీన్ని వాళ్ల పేరుతోనే పిలుస్తారు. ఒక బల్ల, నాలుగు జతల బూట్లు, ఇంతే ఖర్చు. దీంతోపాటు ఆయన వచ్చే వరసా మారాలి: స్నానం చేసి, ఉతికిన బట్టలతో ముందు మీ దగ్గరికి, ఆ తర్వాతే తన కోళ్ల దగ్గరికి. తన దగ్గర ఒక్క కోడి నలతగా ఉన్నా ఆ వారం రాకూడదు. ఈ దారిలో ఆయన అనుభవం మీకు దక్కుతుంది, మాటలు కలుస్తాయి. కష్టం ఏమిటంటే, ఇది రోజూ ఆయన మాట మీదే ఆధారపడుతుంది. ఒక్క పొద్దున తొందరలో బల్ల దాటేస్తే అంతే.

రెండోది, షెడ్డులోకి ఎవరూ రాకపోవడం. మీరిద్దరూ, పనివాడూ తప్ప. బావగారు వచ్చినా గేటు బయట కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడతారు. రోజువారీ మేత లెక్క, నీళ్ల లెక్క, చావుల లెక్క కాగితం మీద చూపిస్తారు. వైరస్ పరంగా మొదటిదానికన్నా గట్టిది. కానీ ఆయన కళ్లు పోతాయి. రాత్రి లైట్లు ఆర్పి నిశ్శబ్దంగా నిలబడి కోళ్ల గురక వినే మనిషి ఆయన అని మీరే రాశారు. ఆ చెవిని కాగితం మీది లెక్క భర్తీ చేయలేదు. ఆ విద్య మీరు పూర్తిగా నేర్చుకున్నారా అన్నది మీకే తెలియాలి. నేర్చుకోకపోతే కొన్నాళ్లు మొదటి దారే మేలు.

మూడోది కొంచెం పెద్ద ఆలోచన. రెండు ఫారాలనూ ఒక్కటిగా లెక్కేసుకోవడం. అర కిలోమీటరు దూరం, ఒకే కుటుంబం, పట్టేవాళ్లూ వాళ్లే, స్ప్రేయరు కూడా ఒకటే వాడుకుంటున్నామన్నారు. రోగం దృష్టిలో మీవి ఇప్పటికే ఒకటే ఫారం, మీరే రెండనుకుంటున్నారు. రెండు చోట్లా ఒకే వారం పిల్లలు దించి, ఒకే వారం మొత్తం ఎత్తేసి, రెండూ ఒకేసారి ఖాళీగా ఉంచగలిగితే అంతకు మించినది లేదు. పెద్దకోళ్ల పక్కన చిన్నపిల్లలు ఉండే పరిస్థితి పోతుంది, ఒకరి రోగం ఇంకొకరి కొత్త బ్యాచ్‌లోకి దూకే వంతెన తెగుతుంది. కానీ డబ్బు కూడా ఒకేసారి వస్తుంది, ఒకేసారి ఆగుతుంది. ధర పడిపోయిన వారం వస్తే ఇద్దరూ కలిసే దెబ్బతింటారు. అన్నదమ్ముల లెక్కలు తేటగా లేని ఇంట్లో ఇది పెట్టుకోవద్దు. మీ రెండు షెడ్ల మధ్య మాత్రం ఇప్పటి నుంచే ఈ పద్ధతి పాటించగలరు. చిన్న షెడ్డు పెద్ద కోళ్లూ, పెద్ద షెడ్డు పిల్లలూ ఒకే చోట ఉండటం, దానికి తోడు సగం ఎత్తి సగం ఉంచడం, రెండూ మీ చేతిలో ఉన్నవే. ఒకేసారి అమ్మితే చేతికొచ్చే సొమ్ము తగ్గుతుందన్న మీ వారి మాట నిజం. 900 కోళ్ల నష్టం పక్కన పెట్టి ఆ తగ్గేదెంతో ఒకసారి కూడి చూడమనండి.

నన్ను ఏదో ఒకటి చెప్పమంటే, ఈ బ్యాచ్‌కి మొదటి దారి, బల్లతో. నా మొగ్గు అటు. ఇంట్లో మనుషులను పోగొట్టుకున్న రైతు ఎంత గట్టి గేటు కట్టినా ఎక్కువ రోజులు కాపలా కాయలేడు, నేను చూశాను. అయినా నిర్ణయం మీ ఇద్దరిది.

బావగారితో ఏం మాట్లాడాలన్నది కూడా అడిగారు. వెళ్లాల్సింది మీ ఇద్దరూ కలిసి. మొదటి మాట మీ వారు ఎత్తాలి, ఆయన తమ్ముడు కాబట్టి. చెప్పులు మార్చుకోమన్నందుకు ఆయనేమీ చిన్నబుచ్చుకోరని నా నమ్మకం, ఇరవై ఏళ్లు కోళ్లతో ఉన్న మనిషికి అది అర్థమవుతుంది. "మేం కూడా మారే లోపలికి వెళ్తున్నాం బావగారూ, ముందు మేమే మొదలుపెట్టాం" అని చెప్పగలగాలి. అది నిజం కూడా కావాలి. మీ వారు బజారు చెప్పులతో షెడ్డులోకి వెళ్తూ అన్నగారిని మార్చుకోమంటే ఎవరూ వినరు. మీ ఉత్తరంలో మీరు మారతారని ఎక్కడా లేదు, గమనించారా?

మిమ్మల్ని నిజంగా బాధపెట్టింది చెప్పులు కాదనుకుంటాను. ఆయన చెప్పకపోవడం. అది అడగండి, నిలదీసినట్టు కాకుండా. రైతులు ఎందుకు దాస్తారో నాకు తెలుసు. రోగం వచ్చిందని పొక్కితే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు, పిల్లలిచ్చేవాళ్లు వెనకాడతారు. తనే నేర్పిన తమ్ముడి ముందు తన కోళ్లు చస్తున్నాయని చెప్పడం పెద్దమనిషికి తల కొట్టేసినట్టుంటుంది. కానీ ఆ పది రోజుల ముందు ఒక్క ఫోను చేసి ఉంటే, మీరు ఆ వారం క్రేట్లు లోపలికి రానిచ్చేవారు కాదేమో. కాబట్టి ఒక మాట తీసుకోండి, మీరూ ఒక మాట ఇవ్వండి: ఎవరి దగ్గర చావులు రోజూ ఉండేదానికన్నా పెరిగినా, మేత నీళ్లు ఒక్కసారిగా తగ్గినా, ఆ పూటే రెండోవాళ్లకు ఫోను. కారణం తేలేదాకా ఆగకూడదు. కోళ్లు నీళ్లు తాగడం తగ్గించడం తరచూ చావుల కంటే ఒకటి రెండు రోజులు ముందే కనిపిస్తుంది. నీళ్ల మీటరు పెట్టించుకుని రోజూ అదే వేళకు అంకె రాస్తే ఆ ఒకటి రెండు రోజులు మీకు కలిసొస్తాయి. ఇంకో మాట: గంటల్లో పదులూ వందలూ పోతుంటే, తల వాచి తమ్మెలు నీలంగా మారితే, ఇంట్లో వాళ్లలో వాళ్లు అనుకోవడం కాదు, వెంటనే ప్రభుత్వ పశువైద్యుడికి చెప్పాలి. అది బర్డ్ ఫ్లూ కావచ్చు, రాణికెట్ కావచ్చు. చూపుతో తేలదు, ల్యాబ్ చెప్పాలి. అలాంటి కోళ్లను మీరే కోసి చూడవద్దు. బర్డ్ ఫ్లూ మనుషులకూ సోకుతుంది. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు.

ఇక వారంలో దిగాల్సిన పిల్లల సంగతి. ఈ ఉత్తరంలో నేను పట్టుబట్టి చెప్పేది ఇదే: వాయిదా వేయండి. లిట్టరు ఎత్తించారు గానీ ఇంకా కడగలేదన్నారు. మందు ముందు కాదు, కడగడం ముందు. రెట్ట అంటుకున్న నేల మీద ఎంత ఖరీదైన మందు కొట్టినా అది రెట్టను తడిపి ఊరుకుంటుంది, కింద ఉన్న వైరస్ దాకా పోదు. గీకి, ఊడ్చి, సబ్బు నీళ్లతో నానబెట్టి, గట్టి ధారతో పైకప్పు నుంచి కిందికి కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే మందు. గంబోరోకి మామూలు సబ్బుజాతి మందు సరిపోదు. గ్లుటరాల్డిహైడ్, ఫార్మలిన్, క్లోరిన్, అయోడిన్ రకాల్లో ఏది మీ షెడ్డుకు సరిపోతుందో మీ డాక్టరును అడిగి, డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపండి. ఫార్మలిన్ అయితే ముక్కుకూ కళ్లకూ రక్షణ లేకుండా దగ్గరికి పోవద్దు. నీళ్ల పైపుల లోపల జారుడుగా పట్టే పొరను కూడా వదిలించాలి, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. మందు ఆరిన తర్వాత కనీసం రెండు వారాలు షెడ్డు ఖాళీగా తలుపులు మూసి ఉండాలి. వెనకున్న కుప్పను దూరంగా తోలించి కప్పించండి, లేకపోతే చేసిందంతా వృథా.

వాయిదా వేస్తే హేచరీ వాళ్లు విసుక్కుంటారు, మూడు వారాల రాబడి పోతుంది. వేయకపోతే? పిల్లలు మొదటి రెండు వారాలు బాగానే ఉంటాయి, తల్లికోడి నుంచి వచ్చిన రక్షణ ఉంటుంది కాబట్టి. ఆ తర్వాత మూడో నాలుగో వారంలో మళ్లీ అదే షెడ్డు, అదే వైరస్. ఈసారి చావులు తక్కువే కావచ్చు, కానీ గంబోరో కొట్టేది రోగాన్ని తట్టుకునే శక్తినే. చిన్న వయసులో సోకితే పైకి ఏమీ కనిపించకుండానే, వేసిన ఇతర టీకాలు పట్టకుండా చేస్తుంది, వెనకే దగ్గులూ, ఈ-కోలీ అనే బ్యాక్టీరియా జబ్బూ వరసగా వస్తాయి. అప్పుడు మీరు మళ్లీ ఎవరు తెచ్చారా అని వెతుకుతారు.

అక్కడే ఇంకొకటి: లిట్టరులో తిరిగే నల్లపురుగులు. ఆ వైరస్‌ను కడుపులో దాచుకుని గోడల పగుళ్లలో కూర్చునే జీవాలు అవి. కోళ్లు వెళ్లి షెడ్డు చల్లబడగానే లోపలికి దూరిపోతాయి. కాబట్టి పురుగుమందు కొట్టాల్సింది కోళ్లను ఎత్తిన ఆ రోజే, నేల ఇంకా వెచ్చగా ఉండగానే. ఈసారికి ఆ సమయం దాటింది. పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి, వచ్చేసారికి ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఫుట్‌బాత్ (బూట్లు ముంచే మందునీళ్ల తొట్టి) కట్టించానని, వారానికోసారి నీళ్లు మారుస్తున్నానని సంబరంగా రాశారు. బాధపెట్టాలని కాదు గానీ, ఈసారి ఒక పుల్ల తీసుకుని మీ పనివాడి బూటు అడుగు గాళ్లలో గీకి చూడండి. గడ్డకట్టిన రెట్ట ఊడి వస్తుంది. మూడో రోజుకే బురద రంగు తిరిగిన ఆ మందునీళ్లలో ఒక అడుగు ముంచి దాటితే ఆ గడ్డ లోపలికి ఏమీ వెళ్లదు. బ్రష్షుతో గీకి, కడిగి, తర్వాత తాజా మందులో డబ్బా మీద చెప్పినంత సేపు నిలబడాలి, నీళ్లు రోజూ మార్చాలి. అంత ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే నేను బల్లనూ విడి బూట్లనూ నమ్ముతాను.

టీకా విషయం మీరు ప్రస్తావించలేదు. తాగే నీళ్లలో కలిపి టీకా వేసి ఉంటే, ఆ రోజు ఆ నీళ్లలో క్లోరిన్ ఉందా? మీ వారు రోజూ కలుపుతారని రాశారు కాబట్టి అడుగుతున్నాను. ఉంటే టీకాలోని వైరస్ కోడి నోటిదాకా రాకముందే చచ్చి ఉంటుంది. ఏ రోజున వేయాలన్నది మీ డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి.

పట్టేవాళ్ల క్రేట్లు గేటు బయటే కడిగించాలి, లేదా మీరే సొంతంగా కొన్ని కొని లోపల ఉంచాలి, లోపలి క్రేట్లలో గేటుదాకా మోసి అక్కడ మార్చడం. కూలీ ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి.

చివరగా పనివాడి కోళ్లు. పదకొండేళ్లుగా మీ దగ్గరున్నాడు, వాళ్లావిడ ఇంటి దగ్గర పది నాటుకోళ్లు పెంచుకుంటోంది, తీసేయమని చెప్పాలా అని అడిగారు. చెప్పవచ్చు. పెద్ద ఫారాల్లో అది షరతే. కానీ ఊరికే హుకుం జారీ చేస్తే ఆ కోళ్లు మీ కంటికి కనబడకుండా పోతాయి తప్ప ఇల్లు దాటవు. దాచిన కోళ్లు తెలిసిన కోళ్ల కంటే ప్రమాదం, వాటికి రోగం వచ్చినా అతను మీకు చెప్పలేడు కాబట్టి. ఆమెకు ఆ కోళ్ల మీద వచ్చే చిల్లర ఎంతో అడిగి అంతకు తగ్గకుండా జీతంలో కలిపి, ఎందుకో వివరించి అడిగితే ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే బలవంతపెట్టకండి. మీ ఫారంలోనే అతనికి స్నానాలగది, రెండు జతల పనిబట్టలు ఏర్పాటు చేయండి. రాగానే స్నానం, బట్టలు మార్పు. ఇంటి కోళ్లకు కూడా టీకాలు మీరే వేయించండి. ఇది మొదటిదంత గట్టి రక్ష కాదు, ఆ సంగతి తెలిసే ఎంచుకోండి. అసలు బావగారి ఫారం కబురు మీకు చెప్పింది అతనే. అంటే అక్కడికీ వెళ్తున్నాడో, అక్కడి పనివాళ్లను కలుస్తున్నాడో. అది కూడా నెమ్మదిగా అడగండి, కోప్పడకండి. కోప్పడితే వచ్చేసారి ఆ కబురు మీకు రాదు.

అత్తగారికి మీరు వైరస్‌ల గురించి చెప్పనక్కర్లేదు. ఆవిడ అడిగింది కోళ్ల గురించి కాదు, పెద్దకొడుకు గురించి. ఆ అట్టముక్క తీసేయండి. తాడు బదులు గడియ ఉన్న గేటు పెట్టించండి, అందరికీ ఒకటే గేటు, మీక్కూడా. బూట్లు కొనేటప్పుడు బావగారి కొలతకు ఒక జత కొని బల్ల అవతల పెట్టండి. అది ఆవిడ కంటపడితే చాలు.

ఆ సున్నం బస్తా ఇంకా గేటు పక్కనే ఉందన్నారు. గాలీ తేమా తగిలేకొద్దీ సున్నం చప్పబడిపోతుంది, ఇరవై రోజులైంది కాబట్టి పైన గడ్డకట్టి ఉంటుంది, లోపలిది ఇంకా పనికిరావచ్చు. గంబోరో వైరస్‌కు సున్నపు ఘాటు పడదు, కడిగి ఆరిన నేలకూ గోడలకూ చిక్కగా పూయించవచ్చు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, పిల్లలు దిగేలోపు పూర్తిగా ఎండాలి. నీళ్లు ఎన్ని పోయాలో, ఎన్ని పూతలు వేయాలో నేను రాయడం లేదు. ఆ బస్తా తెచ్చింది బావగారు, ఇరవై ఏళ్లుగా షెడ్లకు సున్నం వేయిస్తున్నదీ ఆయనే. ఈ సాయంత్రం మీరిద్దరూ వెళ్లి ఆయన్నే అడగండి.